తలకిందులైన నాలుగు డాలర్లు

అబైజా క్రెస్సన్ చనిపోయేనాటికి ఆ ఇంట్లో ఉండేది నలుగురే.

మొదటివాడు అబైజా. డెబ్భై దాటిన ఇనుప వ్యాపారి. ఆడంబరం పనికిరాదనే క్రైస్తవ సంఘం క్వేకర్లది; వాళ్ళలో కూడా బాగా పట్టింపులున్న మనిషి. రంగు కోటు తొడగడు, గోడకి పటం తగిలించడు, పాట వినడు. నాణేలు పోగెయ్యడం ఒక్కటే ఆయనకున్న పిచ్చి. రెండో మనిషి ఆయన తమ్ముడి కూతురు మెహిటబెల్. తండ్రి పోయాక పదిహేడో ఏట ఈ ఇంటికి వచ్చి, వంటిల్లూ తాళాలూ చూసుకుంటూనే నలభైకి దగ్గరపడింది. మూడో మనిషి పనిపిల్ల ఒనోరా టీగ్. ఐర్లండు నుంచి ఓడ దిగి మూడేళ్ళయింది. నాలుగోవాడు వెనక వాటాలో అద్దెకుండే జర్మన్ ముసలాయన గాట్‌ఫ్రీడ్ ఆమ్వెగ్. పోటీల్లో గెలిచినవాళ్ళకిచ్చే పతకాలు చెక్కడం ఆయన పని.

ఆమ్వెగ్ తెల్లారగానే పతకాల పెట్టె పట్టుకుని ఊరవతల ఒక తోటల సంఘానికి వెళ్ళాడు. మెహిటబెల్ ప్రార్థన సమావేశానికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి నాణేల గదిలో ఇనుప బీరువా పక్కన పెదనాన్న పడి ఉన్నాడు. ఆయన తల ఒనోరా ఒళ్ళో ఉంది. ఒనోరా ఏప్రాను నిండా నెత్తురు.

నలుగురిలో ఒకరు పోయారు. ఇద్దరు బయట ఉన్నారు. మిగిలింది ఒనోరా. పోలీసు డిటెక్టివ్ హైరమ్ స్ట్రాడ్‌లీ చేసిన లెక్క అంతే. పైగా ముందురోజు సాయంత్రం పింగాణీ గిన్నె పగలగొట్టినందుకు పెద్దాయన ఒనోరాని పని మానెయ్యమన్నాడు. ఇంకేం కావాలి?

ఇక అదే రోజు సాయంత్రం నాలుగింటికి ఒనోరాని మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. అక్కడినుంచి జైలుకి. ఐర్లండు పనిపిల్ల, దిక్కులేనిది, యజమాని నెత్తురుతో దొరికింది. ఈ ఫిలడెల్ఫియాలో అలాంటి పిల్ల జైలు గేటు దాటి లోపలికి వెళ్ళాక మళ్ళీ బయటికి నడిచి రావడం డోర్కస్ యార్నల్ ఇంతవరకూ చూడలేదు.

డోర్కస్ ఇళ్ళల్లో పోయిన వస్తువులు వెతికిపెట్టి బతుకుతుంది. భర్త పోలీసుల్లో పనిచేసి పోయాడు. ఆయన దగ్గర నేర్చుకున్న పనే. ఇన్నేళ్ళయినా మనిషి మొహంలోకి సూటిగా చూసి అడగడం ఆమెకి చేతకాదు. చేతులు చూస్తుంది. చేతులు చూస్తూ అడిగితే తనకీ భయం తగ్గుతుంది, వాళ్ళకీ తగ్గుతుంది.

తలుపు తీసిన మెహిటబెల్ చేతులు ఎర్రగా, సబ్బు నీళ్ళలో నాని ఉన్నాయి.

"వచ్చావా డోర్కస్ యార్నల్. వాళ్ళు వంటింట్లో ఉన్నారు. ఒనోరాకి సంకెళ్ళేశారు. తీయమన్నాను, తీయలేదు."

"పోలీసులు నిన్నేం అడిగారు?"

"సమావేశానికి వెళ్ళావా అన్నారు. వెళ్ళానన్నాను. బయటివాళ్ళెవరైనా వచ్చారా అన్నారు. నాకు తెలిసి రాలేదన్నాను. ఒనోరా ఎక్కడుందన్నారు. కింద బొగ్గుల గదిలో ఉందన్నాను."

"ఒనోరా చంపిందా అని అడిగారా?"

"అడిగారు. చంపలేదన్నాను." మెహిటబెల్ గొంతు స్థిరంగా ఉంది. "ఎలా తెలుసన్నారు. తెలుసన్నాను. నవ్వారు. అందుకే నీకు కబురు పెట్టాను. నీ భర్త మన సంఘం వాడు కాదని పెద్దలు నిన్ను వెలేసినప్పుడు నేనూ సరేనన్నాను. అది మనసులో పెట్టుకోకు. ఆ పిల్లని బయటికి తీసుకురా."

డోర్కస్ మనసు కరిగింది. పనిపిల్ల కోసం ఇంతగా అడిగే యజమానులు ఎంతమంది ఉంటారు?

వంటింట్లో పొయ్యి ఆరిపోయి ఉంది. స్ట్రాడ్‌లీ బల్ల అంచున కూర్చుని ఉప్పు అద్దిన పెద్ద జంతిక నములుతున్నాడు. మూలన ముక్కాలి పీట మీద ఒనోరా. సంకెళ్ళు మణికట్లకి వదులయ్యాయి, జారిపోకుండా వేళ్ళు ముడిచి పట్టుకుంది.

"రండి మిసెస్ యార్నల్," అన్నాడు స్ట్రాడ్‌లీ. "పోయిన చెంచాలు వెతకడానికొచ్చారా? ఇక్కడ ఏమీ పోలేదు. నాణేల బీరువాలో ఒక్క గుంట కూడా ఖాళీ లేదు. నేనే చూశాను."

"నువ్వు చూశావంటే బాగానే చూసి ఉంటావు హైరమ్ స్ట్రాడ్‌లీ."

"మీ క్వేకర్లతో ఈ నువ్వు గొడవ ఒకటి. మా ఆవిడ కూడా నన్ను మీరంటుంది."

"మేం మేయరుని కూడా నువ్వనే అంటాం. ఒనోరా, కింద ఉన్నప్పుడు నీకేం వినిపించింది?"

"ఈ సారుకి చెప్పానమ్మా. నమ్మలేదు."

"నాకు చెప్పు."

"బొగ్గుల గదికి సరిగ్గా పైనే నాణేల గది. పెద్దాయన మాటలు వినిపించాయి. నాణేలతో మాట్లాడ్డం ఆయనకి అలవాటే. రాత్రి బాగా నిద్రపట్టిందా అని అడుగుతారు వాటిని. మూడేళ్ళలో నన్నొక్కసారీ అడగలేదు."

"ఈ పొద్దున ఏమన్నాడు?"

"ఈవిడ తలకిందులుగా నిలబడింది, చూడు, అన్నారు. రెండుసార్లన్నారు. కాసేపటికి, నా ఇంటి తిండి తిని, అని ఏదో అన్నారు. తర్వాత దబ్బుమని చప్పుడు. నేను మెట్లెక్కి వచ్చేసరికి..." ఒనోరా ఏప్రాను మీది మరక చూసుకుంది.

స్ట్రాడ్‌లీ జంతిక ముక్క పట్టుకున్న చేత్తో గాల్లో గీత గీశాడు. "విన్నారా? నా ఇంటి తిండి తిని. ఆ మాట ఎవరినంటారు? తన నోటితో తనే ఒప్పుకుంది. తలకిందులుగా నిలబడ్డ ఆవిడెవరో మాత్రం చెప్పదు. సర్కస్ పిల్ల వచ్చిందేమో."

"నేను అబద్ధం చెప్పేదాన్నయితే ఇంతకంటే బాగా చెప్పేదాన్ని సారూ," అంది ఒనోరా.

"ఆ మాటలు నాణేలతోనే అన్నాడనుకున్నావా?" అని అడిగింది డోర్కస్.

"అప్పుడు అలాగే అనుకున్నా. ఇక్కడ కూర్చున్నాక ఆలోచన వచ్చింది. నాణేలతో మాట్లాడతారు గానీ, చూడు అని వాటితో ఎందుకంటారు? అవే కదా ఆయన చూసేవి."

ఆ మాటకి డోర్కస్ మొదటిసారి ఒనోరా మొహంలోకి చూసింది. కళ్ళు వాచి ఉన్నాయి. ఆ కళ్ళలో భయం కన్నా విసుగే ఎక్కువ కనిపించింది.

నాణేల గది మెట్ల కింద ఉంది. వెండి సామాను దాచడానికి కట్టింది కాబట్టి కిటికీ లేదు, తలుపు ఇనుపది, గడియ బయటివైపే. దీపం పట్టుకుని డోర్కస్ ముందు నడిచింది, వెనక స్ట్రాడ్‌లీ. తలుపు దగ్గర మెహిటబెల్ ఆగిపోయింది, లోపలికి రాలేదు.

శవాన్ని అప్పటికే తీసుకెళ్ళారు. ఇనుప బీరువా నడుమెత్తు ఉంది. దాని మూల ఒకచోట నెత్తురు ఎండి నల్లబడింది. కొట్టడానికి వాడిన వస్తువేదీ దొరకలేదు. అంటే ఎవరో తోశారు, మూల తగిలింది. బీరువాలో వెడల్పు సొరుగులు, సొరుగుల్లో మఖ్మలు పరిచిన గుంటలు. అందులో ఏ ఒక్కటీ మామూలు బజారు నాణెం కాదు. టంకశాలలో నమూనాకని కొన్ని కొట్టి, ఆమోదం రాక ఆపేసినవి. పై సొరుగు బయటికి లాగి ఉంది.

"ఆయన పడినప్పుడు ఇది ఇలాగే తెరిచి ఉందా?"

"ఇలాగే ఉంది. ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు."

సొరుగులో నాణేలన్నీ బొమ్మ వైపు పైకి ఉన్నాయి. ఒక్కటి మాత్రం బోర్లా ఉంది. దాని వీపు మీద పెద్ద నక్షత్రం.

అదేమిటో డోర్కస్‌కి తెలుసు. నాణేలు చూడడం తెలియనివాళ్ళు కూడా దాని కథ విన్నారు. ఐరోపాలోనూ ఇక్కడా ఒకేలా చెల్లే బంగారు నాణెం ఉండాలని ఏడేళ్ళ కింద కొందరు పెద్దలు తలపెట్టారు. మార్చుకునే బాధ లేకుండా జేబులో వేసుకుని ఓడెక్కి ఏ దేశంలోనైనా దిగొచ్చన్నారు. నాలుగు డాలర్లది. నమూనాకి కొన్ని కొట్టి చట్టసభలో చూపించారు. సభ వద్దంది. ఉన్న ఆ కొన్నీ ఇలాంటి సొరుగుల్లోకి చేరాయి. అందులోనూ రెండు రకాలు. ఆడమనిషి బొమ్మకి జుట్టు విరబోసి ఉన్నది ఒకటి, జడ చుట్టుకుని ఉన్నది ఒకటి. జడ చుట్టున్నది దొరకడమే గగనం. అబైజా దగ్గరున్నది అదే.

ఆమె నాణేన్ని అంచులు పట్టుకుని తీసింది. నక్షత్రం నిటారుగా ఉండేలా దీపం ముందు పెట్టి, పైఅంచు కిందికొచ్చేలా తిప్పింది. ఈ దేశంలో ఏ డాలరునైనా అలా తిప్పితే రెండో వైపు బొమ్మ నిటారుగానే కనిపిస్తుంది.

ఆడమనిషి తలకిందులుగా నిలబడింది.

డోర్కస్ పక్కనున్న నాణెం తీసి అలాగే తిప్పింది. సరిగ్గానే ఉంది. ఇంకోటి తీసింది. అదీ సరిగ్గానే ఉంది. మళ్ళీ జడావిడని తిప్పింది. మళ్ళీ తలకిందులే.

"హైరమ్ స్ట్రాడ్‌లీ, ఇలా రా. ఒనోరా విన్న మాట ఇదే. ఈవిడ తలకిందులుగా నిలబడింది. ఇది టంకశాలలో కొట్టింది కాదు. దీన్ని ఎవరో చేశారు. ఆయన ఈ పొద్దున కనిపెట్టి, ఎదురుగా ఉన్నవాళ్ళకి చూపించాడు."

స్ట్రాడ్‌లీ వంగి చూశాడు. నాణేన్ని ఒకసారి అటు, ఒకసారి ఇటు తిప్పాడు. ఒక్క క్షణం అతని నుదురు ముడతపడింది. డోర్కస్‌కి ఆశ కలిగింది.

"బొమ్మ కిందా మీదా అయితే ఏమైంది?" అన్నాడు చివరికి. "పనివాడు తాగి కొట్టుంటాడు. ఇది తీసుకెళ్ళి మేజిస్ట్రేటు ముందు తిప్పి చూపించమంటారా? నన్ను బయటికి తిప్పి పంపిస్తాడు."

"ఎంత తేలిగ్గా ఉందో చూడు. పక్కదానితో పోల్చి చూడు. ఎంత బంగారం, ఎంత వెండి, ఎంత రాగి అని దీని మొహం మీదే రాసుంది. ఇందులో ఉన్నదంతా రాగే. పైన బంగారు మెరుగు పూశారు."

"సరే, దొంగ నాణెమే అనుకోండి. అసలుది కొట్టేసిందెవరు? రోజూ ఈ గది ఊడ్చేది ఆ పిల్లే కదా. మీరు ఆ పిల్లని కాపాడుతున్నారా, ఉరికి ఇంకో ముడి వేస్తున్నారా మిసెస్ యార్నల్?"

ఎదుటివాడు గొంతు పెంచితే డోర్కస్‌కి మాటలు ఎప్పుడూ ఆలస్యంగానే వస్తాయి. వచ్చేసరికి స్ట్రాడ్‌లీ వంటింట్లోకి వెళ్ళిపోయాడు.

"లే పిల్లా. బండి వచ్చింది."

ఒనోరా నడవాలో డోర్కస్ పక్కన ఆగింది. "మా అమ్మకి కబురు పంపకండమ్మా. వదిలేశాక నేనే చెప్పుకుంటాను."

వదిలేశాక అంది. వదిలేస్తే అనలేదు. ఆ మాట పట్టుకుని డోర్కస్ నాణేన్ని రుమాల్లో చుట్టి వెనక వాటాకి వెళ్ళింది.

ఆమ్వెగ్ బల్ల ముందు కూర్చున్నాడు గానీ పని చెయ్యడం లేదు. ఉలులన్నీ తుడిచి వరసగా పెట్టుకున్నాడు. పక్కన ప్రయాణపు సంచీ ఉంది. డోర్కస్ రుమాలు విప్పి బల్ల మీద పెట్టింది. ముసలాయన దాన్ని పుస్తకంలో కాగితం తిప్పినట్టు పక్కకి తిప్పాడు. ఆడమనిషి నిటారుగా ఉంది. మళ్ళీ పక్కకి తిప్పాడు. నక్షత్రం నిటారుగా ఉంది. ఆ చేతులు ఆలోచించకుండానే అలా తిప్పాయి.

"నీ పనే," అంది డోర్కస్.

"నాణెం కాదమ్మా అది," అన్నాడాయన మెల్లగా. "పతకం. మెళ్ళో వేసుకునేది గొలుసుకి వేలాడుతూ పక్కకి తిరుగుతుంది. ఏ వైపు తిరిగినా బొమ్మ నిటారుగా కనిపించాలి. యాభై ఏళ్ళుగా అలాగే చేస్తున్నా. దీన్ని కావాలనే అలా చేశాను. రేపు ఎవరైనా వచ్చి దొంగ నాణెం చేశావంటే, కాదు బాబూ, పతకమే చేశాను చూడండి అని చూపించుకోవాలి కదా. ప్రభుత్వపు నాణెం చేసినవాణ్ణి ఈ దేశంలో ఎన్నేళ్ళు లోపల పెడతారో నాకు తెలుసు."

"మరి గొలుసు కొక్కెం ఏది?"

"కొక్కెం ఇప్పుడొద్దన్నారు."

"ఎవరు?"

ఆయన ఉలి తీసి మళ్ళీ అక్కడే పెట్టాడు.

"గాట్‌ఫ్రీడ్ ఆమ్వెగ్, ఈ ఇంట్లో మెళ్ళో గొలుసు వేసుకునేది ఒక్కరే. ఒనోరాకి శిలువ గొలుసుంది. నువ్విలా నోరు మూసుకుంటే స్ట్రాడ్‌లీ ఇది కూడా ఆ పిల్లే చేయించిందంటాడు. నువ్వు జైలుకి భయపడుతున్నావు. ఆమె జైలు బండిలో ఉంది."

"ఒనోరాకి అసలు నాణెం ఎక్కడిది?" అన్నాడాయన. "అచ్చు తీయడానికి అసలుది నా బల్ల మీద వారం రోజులుండాలి. బీరువా తాళంచెవి ఎప్పుడూ పెద్దాయన మొలతాడుకే ఉండేది. దాన్ని ఎవరికీ ఇచ్చేవాడు కాదు. వసంతంలో మీ సంఘం పెద్ద సమావేశానికి బాల్టిమోరు వెళ్ళినప్పుడు ఒక్కసారి ఇచ్చి వెళ్ళాడు."

"ఎవరికి?"

"మీకు తెలుసమ్మా."

డోర్కస్‌కి తెలుసు. తెలిసినా, ఎవరో వచ్చి చెప్పేవరకు తెలియనట్టు ఉండాలనిపించింది.

"మీ సంఘంలో ఆడవాళ్ళు ఉంగరం కూడా పెట్టుకోరు," అన్నాడు ఆమ్వెగ్. "మెళ్ళోకా అని అడిగితే ఆవిడ నవ్వి ఊరుకున్నప్పుడే నేను ఆలోచించాల్సింది. ఇంత వయసొచ్చి ఒక్క నగ వేసుకోని మనిషి ముచ్చటపడుతోంది కదా, దాచుకుని చూసుకుంటుందిలే అనుకున్నా. పెద్దాయనకి చెప్పొద్దంది. చెప్పలేదు."

"నాలుగింటికి ముందు మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్ళి ఈ మాటే చెప్పు."

ముసలాయన టోపీ పెట్టుకుని సంచీ అందుకున్నాడు. సంచీ ఎందుకని ఆమె అడగలేదు. పెరటి గేటు తీసి ఆయన సందులోకి దిగాడు. ఎడమవైపుకి వెళ్తే మేజిస్ట్రేటు, కుడివైపుకి వెళ్తే రైలు. ఎటు తిరిగాడో గోడ అడ్డం వచ్చి కనిపించలేదు.

ఇంట్లోకి వస్తుంటే డోర్కస్‌కి ఒక్కొక్కటే అర్థమవుతోంది. సమావేశంలో మౌనంగా, తలలు వంచుకుని కూర్చుంటారు. ఎవరు ఎప్పుడు వచ్చి తలుపు పక్క బెంచీ మీద కూర్చున్నారో ఎవరూ తలెత్తి చూడరు. చివర్లో లేచి చేతులు కలుపుకున్నప్పుడే మొహాలు చూసుకుంటారు. మెహిటబెల్‌ని చూశామన్నవాళ్ళందరూ చూసింది అప్పుడే. వెళ్ళావా అన్నారు, వెళ్ళానంది. ఎప్పుడు వెళ్ళావని ఎవరూ అడగలేదు. ఒనోరా చంపలేదు, నాకు తెలుసు అంది. దాన్ని అందరూ నమ్మకం అనుకున్నారు. డోర్కస్ కూడా అలాగే అనుకుంది. ఆ మాట విని మనసు కరిగినందుకు ఇప్పుడు సిగ్గేసింది.

మెహిటబెల్ నాణేల గది ముందే ఉంది. చేతిలో తడిగుడ్డ.

"బీరువా మూల తుడుద్దామనుకున్నా," అంది. "లోపలికి వెళ్ళలేకపోతున్నా."

"నేను వస్తాను." డోర్కస్ లోపలికి వెళ్ళి దీపం బీరువా మీద పెట్టింది. రుమాల్లోంచి నాణేన్ని తీసి దాని గుంటలో, నక్షత్రం పైకి ఉండేలా పెట్టింది. మెహిటబెల్ గడప దాటలేదు.

"ఆయన పడ్డప్పుడు ఇది ఇలా బోర్లా ఉంది మెహిటబెల్. దీన్ని ఎవరు చేయించారో ఆమ్వెగ్ నాకు చెప్పాడు."

"మా నాన్న వాటా ఆ సొరుగుల్లో ఉంది." మెహిటబెల్ గొంతులో కోపం లేదు. పాత సంగతి చెబుతున్నట్టుంది. "నాన్న పోతూ నా కోసం పెదనాన్న చేతిలో పెట్టాడు. నా పేరు మీద భద్రంగా ఉందనేవాడు. భద్రంగానే ఉంది. మఖ్మలు మీద పడుకుని ఉంది. జర్మన్‌టౌన్‌లో ఆడపిల్లల బడి అమ్ముతున్నారు, నా వాటా ఇమ్మని అడిగా. నీకెందుకు బడి, నీకిక్కడ ఏం తక్కువ అన్నాడు. ఒక్క నాణెం తీసుకున్నా. నాదే కదా."

"నాదే అంటే సరిపోదు."

"బయటి దొంగనెవరినో నువ్వు పట్టుకుంటావనుకున్నా. వాడు దొరకకపోయినా, ఉన్నాడని అందరూ అనుకుంటే ఒనోరాని వదిలేస్తారు. అంతవరకే అనుకున్నా. ఆ పిల్లకి చెడు జరగాలని నేనెప్పుడూ కోరుకోలేదు. అది మాత్రం నమ్ము."

"నమ్ముతున్నా. కానీ బండి వెళ్ళిపోయింది మెహిటబెల్. నాలుగింటికి ఆ పిల్ల తరఫున నోరు విప్పేవాళ్ళెవరూ లేరు. నువ్వు తప్ప."

మెహిటబెల్ చేతిలో గుడ్డ నలిగి నీళ్ళు గడప మీద కారాయి.

ఇష్టం లేకపోయినా డోర్కస్ తలెత్తి ఆమె మొహంలోకే చూసింది.

"ఇంతవరకూ నిన్నెవరూ అడగని మాట ఒకటి ఉంది. నేను అడుగుతాను. మనవాళ్ళు దేవుడి మీద ఒట్టు పెట్టరు. ఎందుకంటే ఒట్టు లేకుండానే నిజం చెప్పాలి. నిన్ను ఒట్టు పెట్టమనను. కాదు అని ఒక్కమాట అను, నమ్మి వెళ్ళిపోతాను. ఈ పొద్దున మీ పెదనాన్న చూడు అన్నది నీతోనేనా? ఆయన్ని తోసింది నువ్వేనా?"

మెహిటబెల్ పెదవులు విడిపోయాయి. ఆ ఒక్క మాట కోసం ఆమె గొంతు కదిలింది. కదిలి ఆగింది. ఇంకోసారి ప్రయత్నించింది. నలభై ఏళ్ళలో ఒక్కసారీ అబద్ధం పలకని నోరు, ఇప్పుడు తన ప్రాణం కోసమూ పలకలేకపోయింది.

ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. చేతిలో గుడ్డ కింద పడేసి, రెండు చేతులతో ఇనుప తలుపు పట్టుకుని, డోర్కస్ మొహం మీదే మూసేసింది.